ముఖం వాచకపోయినా ఎలర్జీయే: కుక్క, పిల్లి, మేక పడిపోయిన మొదటి అరగంట

ఈ వారం ఎపిసోడ్ రికార్డు చేసేటప్పుడు నాకు నైట్ డ్యూటీ టైం దగ్గర పడింది. మధ్యలో రెండుసార్లు గడియారం చూశాను, అది మీకు నా గొంతులోనే తెలిసిపోయి ఉంటుంది. చెప్పాల్సింది సగమే చెప్పాను. మిగతాది రాసిమ్మని యాంకర్ అన్న అడిగాడు. ఎపిసోడ్ మాటలు కింద ఎలాగూ ఉంటాయి కాబట్టి అక్కడ చెప్పినవి మళ్ళీ చెప్పను, చెప్పకుండా మిగిలినవే రాస్తాను. రాయడం నాకు పెద్దగా అలవాటు లేదు, సర్దుకోండి.

వినని వాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. మాది జగిత్యాల దగ్గర ఊరు. అక్కడ గోపాలమిత్రగా పనిచేశాను. అప్పులైతే గల్ఫ్‌కు వచ్చాను. మొదట ఒక ఇజ్బాలో మేకలు, గొర్రెలు చూసుకున్నాను. ఇప్పుడు ఏడేళ్ళుగా ఒక పెట్ క్లినిక్‌లో అసిస్టెంటుని. డాక్టర్ని కాదు. మందు ఎంత వేయాలో నిర్ణయించేది డాక్టరు. పట్టుకునేది, చూసేది, తుడిచేది, రాత్రంతా మేలుకొని ఉండేది నేను.

ఈ విషయం మనవాళ్ళకు ఎందుకంటే, ఇక్కడి విల్లాల్లో కుక్కలకు, పిల్లులకు తిండి పెట్టేది, వాకింగ్‌కు తీసుకెళ్ళేది చాలావరకు కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చిన మన అక్కలు. ఎడారిలో ఇజ్బాల్లో జీవాల వెనక తిరిగేది మన తమ్ముళ్ళు. జీవానికి ఏదైనా అయితే మొదట చూసేది వాళ్ళే. మొదట మాట పడేది కూడా వాళ్ళే.

ముందు నా తప్పు చెబుతాను. రేడియోలో చెప్పడానికి నోరు రాలేదు.

మూడేళ్ళ కింద, ఒక సాయంత్రం. రాజంపేట వైపు అక్క ఒకామె, ఇంటి డ్రైవరు కలిసి ఒక గోల్డెన్ రిట్రీవర్‌ని తెచ్చారు. పెద్ద కుక్క, దాదాపు 30 కిలోలు. తోటలో ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి రెండుసార్లు కక్కిందట, విరేచనం అయిందట, నీరసంగా ఉందట. డ్రైవరు "ఏదో చెత్త తిన్నట్టుంది" అన్నాడు. నేను దాని ముఖం చూశాను. వాపు లేదు. ఒంటి మీద దద్దుర్లు లేవు. తిండి పడక కక్కుకుంది అనుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను. అదే సమయానికి ఇంకో చిన్న కుక్క వచ్చింది. ముఖం బూరెలా ఉబ్బిపోయి కళ్ళు మూసుకుపోయాయి. దాన్ని చూసి కంగారుపడి ఉరుకులు పరుగుల మీద లోపలికి తీసుకుపోయాను.

పది నిమిషాలకు అక్క తలుపు దగ్గరికి వచ్చి, "తమ్ముడూ, ఇది లెయ్యడం లేదు" అంది. గట్టిగా కూడా అనలేదు. లోపల డాక్టరు ఉంటే మనం గట్టిగా మాట్లాడకూడదని ఆమె భయం.

పోయి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. చెవులు, కాళ్ళు చల్లగా. తొడ లోపల నాడి దొరకడం లేదు. డాక్టరు పరుగున వచ్చి అడ్రినలిన్ వేశారు, రెండు కాళ్ళకు సెలైన్ ఎక్కించాం, ఆక్సిజన్ పెట్టాం. పొట్ట మీద స్కానింగ్ పెట్టి చూస్తే పిత్తాశయం గోడ వాచి, చుట్టూ ఉంగరంలా కనిపించింది. "ఇది తిండి కాదు, ఎలర్జీ షాక్. ఏదో కుట్టి ఉంటుంది" అన్నారు. తర్వాత వెతికితే ముందుకాలి వేళ్ళ మధ్య చిన్న ముల్లు, తేనెటీగది. రెండు రాత్రులు ఉండి బతికింది. ముఖం వాచిన కుక్క మాత్రం ఒక ఇంజక్షన్‌తో తగ్గి, గంటలు గడవకముందే తోక ఊపుకుంటూ ఇంటికి పోయింది.

అంటే నేను ఎవరి కోసం పరుగెత్తాలో వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టాను.

ఎందుకిలా అవుతుందంటే, ఒంటిలో కొన్ని కణాలు ఉంటాయి, వాటిని మాస్ట్ కణాలు అంటారు. వాటి కడుపునిండా హిస్టమిన్ లాంటి రసాయనాలు సంచుల్లో కట్టినట్టు ఉంటాయి. పడని వస్తువు ఒంట్లోకి రాగానే ఆ సంచులన్నీ ఒకేసారి పగులుతాయి. రక్తనాళాలు వదులైపోతాయి, లోపలి నీరు బయటికి కారుతుంది, రక్తపోటు దభీమని పడిపోతుంది. ఇదంతా అన్ని జీవాల్లో ఒకటే. కానీ దెబ్బ ఎక్కడ గట్టిగా తగులుతుందన్నది జీవాన్ని బట్టి మారుతుంది. మనిషికి దద్దుర్లు, గొంతు, ఊపిరి. కుక్కకు కాలేయం, పేగులు. పేగుల నుంచి వచ్చిన హిస్టమిన్ నేరుగా కాలేయానికి పోయి అక్కడి రక్తనాళాలను బిగిస్తుంది. రక్తం అక్కడే నిలబడిపోయి గుండెకు తిరిగి రాదు. అందుకే కుక్క ఊపిరాడక కంటే ముందు కక్కుకుంటుంది, విరేచనం చేసుకుంటుంది, ఒక్కోసారి రక్తం కూడా పడుతుంది, తర్వాత కూలిపోతుంది. ముఖం వాపు ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు.

పిల్లికి ఊపిరితిత్తులు. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటుంది, చొంగ కారుస్తుంది, పంజాలతో ముఖం గీరుకుంటుంది. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే, పిల్లి నోరు తెరిచి రొప్పితే ఆ నిమిషమే బయలుదేరాలి. మేక, గొర్రె, ఆవులకు కూడా ఊపిరితిత్తులే. మెడ చాచి, ముక్కు పుటాలు పెద్దవి చేసి, నోట నురగతో ఊపిరి లాగుతాయి. గుర్రానికి ఊపిరితిత్తులతో పాటు పేగులు కూడా.

ఇంకో గుర్తు వేగం. సూది వేసినాక, ఏదైనా కుట్టినాక నిమిషాల్లోనే మొదలవుతుంది, ఎక్కువసార్లు అరగంట లోపలే. తిన్నదాని వల్ల అయితే కొంచెం ఆలస్యం కావచ్చు. పొద్దున బాగున్న జీవం, పది నిమిషాల కింద తోక ఊపిన జీవం, ఇప్పుడు నిలబడలేకపోతుంటే "చూద్దాంలే" అనొద్దు.

చిగుళ్ళు చూడటం ఇవాళే నేర్చుకోండి, మీ ఇంట్లో ఉన్న బాగున్న కుక్క మీదే. పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. ఆలస్యమైతే, లేదా అసలే తెల్లగా ఉంటే రక్తం తిరగడం లేదన్నమాట. కొన్నిసార్లు షాక్ మొదట్లో ఇటుక రంగులో ఎర్రగా కూడా ఉంటాయి, ఎర్రగా ఉన్నాయి కదా అని నిమ్మళంగా ఉండొద్దు. నల్ల చిగుళ్ళ కుక్కలకు కింది కనురెప్ప తిప్పి లోపల చూడండి. మన గొర్ల కాపర్లు జీవానికి రక్తం ఉందో లేదో చూడటానికి రెప్ప తిప్పుతారు కదా, అదే పని.

ఇక్కడి ఎండల్లో ఒక చిక్కుంది. జూన్, జులైలో కుక్క కూలిపోతే అందరూ వడదెబ్బ అనే అనుకుంటారు. వడదెబ్బకు కూడా వాంతి, రక్త విరేచనం ఉంటాయి. తేడా చెప్పేది థర్మామీటరు. కుక్క మామూలు వేడి 38 నుంచి 39 డిగ్రీల చిల్లర. వడదెబ్బలో 41 దాటుతుంది, ఒళ్ళు కాలుతుంది. ఎలర్జీ షాక్‌లో చాలాసార్లు చెవులు, పాదాలు చల్లబడతాయి. చల్లగా ఉన్న కుక్క మీద ఐసు నీళ్ళు గుమ్మరిస్తే ఉన్న కాస్త రక్తప్రసరణ కూడా దెబ్బతింటుంది. థర్మామీటరు లేకపోతే, ఎండలో ఉందా, నీడలో ఉందా, ఏసీ గదిలో ఉందా అన్నది గుర్తు పెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు మేక సంగతి. ఇది ఎపిసోడ్‌లో మొదలుపెట్టి వదిలేశాను.

సిరిసిల్ల తమ్ముడు ఒకడు ఇజ్బాలో ఉంటాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, మేకకు పెన్సిలిన్ వేసిన. రెండు నిమిషాలు కాలే, పడ్డది. నోట్లో నురగ. ఏం చెయ్యాలె?" అడ్రినలిన్ ఉందా అంటే లేదన్నాడు. బైతారీ దగ్గరికి ఎంత దూరం అంటే గంట. నేను ఫోన్లో చెబుతూనే ఉన్నాను, ఛాతీ మీద కూర్చోబెట్టు, మెడ తిన్నగా పెట్టు అని. మేక ఆగలేదు. పావుగంటలో పోయింది.

తర్వాత వాడన్న మాట: "నిన్న అదే సీసా, అదే సూది, అదే మోతాదు. నిన్న ఏం కాలే అన్నా. నేను తప్పు వేసినట్టేనా?"

కాదు. దీని కథ వంద ఏళ్ళ పైబడినది, అదీ కుక్కల మీదే బయటపడింది. 1901లో ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు మొనాకో రాజు ఓడలో ప్రయాణిస్తూ సముద్రజీవుల విషం మీద పరిశోధన మొదలుపెట్టారు. ఒడ్డుకు వచ్చాక సముద్రపు పువ్వు లాంటి ఎనిమోన్ విషంతో కొనసాగించారు. నెప్ట్యూన్ అనే కుక్కకు కొంచెం విషం ఇస్తే ఏమీ కాలేదు. మూడు వారాల తర్వాత అంతే కొంచెం మళ్ళీ ఇస్తే, అరగంట లోపే చచ్చిపోయింది. మొదటిసారి ఇస్తే ఒళ్ళు అలవాటు పడి గట్టిపడుతుందని వాళ్ళు అనుకున్నారు. జరిగింది దానికి తిరగబడి. రక్షణకు వ్యతిరేకం అనే అర్థంలో దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఈ పనికే రిషేకు 1913లో నోబెల్ వచ్చింది.

కాబట్టి నిన్న ఏం కాలేదన్నది ఇవాళ ఏం కాదనడానికి హామీ కాదు. ముందు ఎప్పుడో పడ్డ మందుకే ఒళ్ళు పగబట్టేది. పెన్సిలిన్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. ప్రొకెయిన్ కలిసిన తెల్లటి పెన్సిలిన్ కండలోకి పోవాలి, పొరపాటున రక్తనాళంలోకి పోతే ఎలర్జీ లేకపోయినా జీవం గింగిరాలు తిరిగి పడిపోతుంది. సూది గుచ్చాక పిస్టన్ కొంచెం వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూసి అప్పుడు వేయాలి. ఆ మేకది ఏదో నేను ఫోన్లో తేల్చలేను. తమ్ముడికి మాత్రం చెప్పాను, సీసా పారేయకు, ఫోటో తియ్యి, ఎన్ని గంటలకు వేశావో రాసిపెట్టు అని. ముదీర్ జీతంలో కోస్తానన్నాడు. మా డాక్టరు ఆయనతో ఫోన్లో మాట్లాడారు, ఇది మందుకు వచ్చిన ప్రతిచర్య కావచ్చు, ఎవరు వేసినా జరిగేదే అని. ఆ నెల కోయలేదు. అన్నిసార్లూ ఇలా అవుతుందని చెప్పలేను.

ఇజ్బా తమ్ముళ్ళకు ఒక మాట. ఊళ్ళో మనకు ఏది జరిగినా అవిల్, డెక్సా వేయడం అలవాటు. నేనూ వేసినవాడినే. ఒట్టి దద్దుర్లకు అవిల్ పనికొస్తుంది. కూలిపోతున్న జీవాన్ని అది లేపదు. డెక్సా పనిచేయడానికి గంటలు పడుతుంది, పైగా నిండు చూడి మేకకు, గొర్రెకు ఇస్తే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. ప్రాణం నిలబెట్టే మందు అడ్రినలిన్ ఒక్కటే. వదులైన రక్తనాళాలను బిగిస్తుంది, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది, సంచులు ఇంకా పగలకుండా ఆపుతుంది. మామూలుగా తొడ కండలో కిలోకు 0.01 మిల్లీగ్రాము లెక్కన వేస్తారు. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ అయితే పది కిలోల కుక్కకు 0.1 మిల్లీలీటరు, అంటే సన్న సిరంజిలో చిన్న గీత. అంత చిన్న మోతాదులో పొరపాటు పడితే గుండె గతి తప్పుతుంది. కాబట్టి ఈ లెక్క చూసి మీరే వేయమని కాదు నేను చెప్పేది. మీ ఇజ్బాకు వచ్చే బైతారీని అడగండి, ఒక ఆంప్యూల్ ఉంచుకోవచ్చా, ఏ బరువు జీవానికి ఎంత, డబ్బా మీద రాసిస్తారా అని. ఇస్తే దాన్ని పికప్ డ్యాష్‌బోర్డులో పడేయకండి. ఎండకు, వెలుతురుకు పాడవుతుంది. నీళ్ళలా ఉండాల్సినది గులాబీగానో, గోధుమ రంగుగానో మారితే పనికిరాదు.

ఇళ్ళల్లో ఉండే అక్కలకు వేరే మాట. మీ దగ్గరున్న గోళీలు ఇవ్వకండి. పనడాల్ పిల్లికి విషం, ఒక్క గోళీ చాలు చంపడానికి. రక్తం ప్రాణవాయువు మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు బురద రంగుకు మారతాయి. జలుబు గోళీలు కొన్నింట్లో ఎలర్జీ మందుతో పాటు ముక్కు దిబ్బడకు వేరే మందు కలిసి ఉంటుంది, అది కుక్క గుండెను పరుగెత్తిస్తుంది. పైగా కూలిపోయిన జీవం నోట్లో ఏది పోసినా, నీళ్ళయినా, పాలైనా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చేయాల్సింది తక్కువే. ముల్లు కనిపిస్తే గోటితోనో కార్డుతోనో గీకి తీసేయండి, కనిపించకపోతే వెతుకుతూ కూర్చోకండి. క్లినిక్‌కు ఫోన్ చేసి వస్తున్నామని చెప్పి బయలుదేరండి, మేం సిరంజి నింపి ఉంచుతాం. కుక్కను పక్కకు పడుకోబెట్టి మెడ వంగకుండా, కక్కితే బయటికి పోయేలా మూతి కొంచెం కిందికి ఉంచండి. ఊపిరి కష్టంగా ఉంటే ఛాతీ మీద ఎలా కూర్చోవాలనుకుంటే అలా కూర్చోనివ్వండి. పిల్లిని గట్టిగా పట్టుకోకండి, బుట్టలో పెట్టి, మీద పల్చటి గుడ్డ కప్పండి. భయం దానికి ఊపిరిని ఇంకా తగ్గిస్తుంది. మేక, గొర్రెలను పక్కకు పడుకోబెట్టొద్దు, కడుపు ఉబ్బుతుంది, నెమరు గొంతుకు అడ్డం పడుతుంది. ఛాతీ మీద కూర్చోబెట్టి అటూ ఇటూ ఏదైనా ఆనించండి.

అరబ్బీ రాకపోతే మూడు మాటలు చాలు. హసాసియ్యా అంటే ఎలర్జీ. సూది తర్వాత అయితే "బాద్ ఇబ్రా". ఊపిరి అందకపోతే మనందరికీ తెలిసిన భాషే, "నఫస్ మాఫీ". ఇది చాలదా అని నవ్వొచ్చు గానీ, ఒకసారి ఈ రెండు ముక్కలు విని మా రిసెప్షన్ పిల్ల పరుగెత్తుకొచ్చింది.

ఇప్పుడు మా వైపు జరిగేది. మందు పడ్డాక జీవం లేచి కూర్చుంటుంది, ఇంట్లోవాళ్ళు సంతోషపడి తీసుకుపోతామంటారు. అక్కడే అసలు డ్యూటీ మొదలు. కొన్నింటికి ఇది కొన్ని గంటల తర్వాత మళ్ళీ వస్తుంది, ఏ సూదీ వేయకుండానే, ఏదీ కుట్టకుండానే. అందుకే కూలిపోయిన జీవాన్ని కనీసం ఒక రోజు ఉంచమంటాం. మొదట ప్రతి ఐదు నిమిషాలకూ, తర్వాత పావుగంటకు, తర్వాత గంటకు చిగుళ్ళు, నాడి, ఊపిరి, వేడి, రక్తపోటు రాసుకుంటాను. ఒంటేలు ఎంత పోసిందో కొలుస్తాను. కిలోకు గంటకు ఒక మిల్లీలీటరు కంటే తగ్గితే కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదేమోనని డాక్టరును లేపుతాను. సెలైన్ పోతున్నప్పుడు ఊపిరి వేగం పెరిగితే నీరు ఎక్కువైందేమో చూడాలి, పిల్లుల్లో మరీను. లేవలేని కుక్కను కొన్ని గంటలకోసారి పక్క మారుస్తాను. రక్త విరేచనం ఉంటే వెనక భాగం కడిగి, ఆరబెట్టి, పరుపు మారుస్తాను. తడి గుడ్డ మీద పడుకున్న జీవం చల్లబడుతుంది. ఆ రిట్రీవర్ రెండో రాత్రి మూడింటికి తల ఎత్తి నా చెయ్యి నాకింది. అప్పటికి దాని కింద పదకొండోసారో పన్నెండోసారో గుడ్డ మార్చాను.

అక్క రెండు రోజులూ వచ్చింది, పని ముగించుకుని. మేడం తిట్టిందా అని అడిగాను. "కుక్కకంటే ముందు నన్నే చూసింది, ఏం పెట్టినావ్ అని" అంది. ఆ ముల్లును డాక్టరు ఒక చిన్న డబ్బాలో వేసి ఇచ్చారు, మేడంకు చూపించమని. ఇంకా ఆ ఇంట్లోనే పనిచేస్తోంది.

ఎపిసోడ్ విన్నాక ఒక డ్రైవర్ అన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు, వాళ్ళ పిల్లికి వచ్చే వారం టీకా ఉంది, భయమేస్తోంది, వద్దని చెప్పనా అని. వద్దని చెప్పకండి. టీకాకు ఇలా కావడం అరుదు, టీకా లేకపోతే వచ్చే రోగాలు అరుదు కాదు. వేయించాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోండి, బయట కారులో కాదు. టీకా పొద్దున పూట పెట్టించుకోండి, సాయంత్రం దాకా కళ్ళ ముందు ఉంటుంది. ఇదివరకు ఏ సూదికైనా ముఖం వాచి ఉంటే, కక్కి ఉంటే, సూది వేయకముందే చెప్పండి. పుస్తకంలో రాసి లేకపోయినా, మేడం పక్కనే ఉన్నా, మీరే చెప్పండి.